ఒడ్డెవరిది

12 నవంబరు 1962, సోమవారం

ఇవాళ నా మీద నాకే కోపంగా ఉంది. ఆయన ముందు పలక పెట్టి అ, ఆ దిద్దించబోయాను. జగ్గయ్యపేట మిషను స్కూల్లో ఒకటో క్లాసు టీచరుగా రిటైరైనదాన్ని. ఎంత మొద్దు వెధవ చేతనైనా నోరు తెరిపించినదాన్ని. కట్టుకున్న మొగుడి నోటి నుంచి ఒక్క మాట రాబట్టలేకపోతున్నాను. ఆయన పలక వంక చూశారు, నా వంక చూశారు, కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పలక తీసుకెళ్లి అటక మీద పడేశాను.

పక్షవాతం వచ్చింది ఆగస్టులో. కుడి చెయ్యి, కుడి కాలు, మాట అన్నీ ఒక్క పూటలో పోయాయి. మనుషుల్ని గుర్తుపడతారు, చెవులు బాగానే ఉన్నాయి. నరాల సంగతమ్మా, మన చేతుల్లో లేదు అన్నాడు బెజవాడ డాక్టరు. దేవుడి చేతుల్లో ఉంది అన్నారు పాస్టరు గారు. చేతులు ఎవరివైతేనేం, మాట మాత్రం రాలేదు.

నాకు పెద్ద ఆశలేం లేవు. లేచి నడవక్కర్లేదు. పెళ్లైన దగ్గర్నుంచీ ఈ జ్ఞానయ్య గారు నన్ను సౌభాగ్యం అని పిలిచింది లేదు. టీచరమ్మా అనే పిలుపు, అదీ వెక్కిరింపుగా. పప్పులో ఉప్పెక్కువైతే, టీచరమ్మా, ఇవాళ లెక్క తప్పింది అనేవారు. అప్పుడు ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ వెక్కిరింపు ఒక్కసారి వినిపిస్తే చాలు.

15 నవంబరు, గురువారం

నందిగామ నుంచి సొలొమోను, రత్తయ్య వచ్చారు. ఆయనతో పాటు మొదటి జర్మనీ యుద్ధంలో బస్రా వెళ్లొచ్చినవాళ్లు. ఆ పటాలంలో మన వైపు నుంచి వెళ్లినవాళ్లలో ఇక మిగిలింది ఈ ముగ్గురే. సొలొమోనుకు అప్పుడు తుపాకి గుండు తగిలి దవడ మీద గుంట, మాట ముద్దముద్దగా వస్తుంది. రత్తయ్యకు చెవుడు. ఈయనకు మాటే లేదు. ముగ్గుర్నీ కలిపితే ఒక నిండు మనిషి అవుతాడు.

చైనా యుద్ధం జరుగుతోంది కదా, వచ్చే నెల నందిగామలో సభట. పాత సిపాయిలు స్టేజి ఎక్కి తమ యుద్ధనినాదం మళ్లీ చేసి చూపించాలట. సభ కమిటీ సెక్రటరీ వెంకటరత్నం గారు కరపత్రాలు కూడా కొట్టించేశారు. తీరా చూస్తే ఈ ఇద్దరికీ ఆ నినాదమే గుర్తులేదు! ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

జవాబు గుర్తుందట. మనదే! అని. దానికి ముందు ప్రశ్న ఏమిటో గుర్తులేదట. మేం జవాబు చెప్పేవాళ్లమే వదినా, పిలిచేవాడు వీడు కదా అన్నాడు రత్తయ్య. వాళ్లిద్దరిదీ నందిగామ మెట్ట. మా ఆయన ముక్త్యాలలో, కృష్ణ ఒడ్డున, బుట్టలాంటి గుండ్రటి పడవ, పుట్టి, నడిపే ఇంట్లో పెరిగిన మనిషి. ఆ కేక ఆయనే ఊరి నుంచి పట్టుకెళ్లారట. నాతో ఏనాడూ అనలేదు. బస్రా గురించి ఎప్పుడడిగినా అక్కడ ఖర్జూరాలు బాగుంటాయి అనేవారు, అంతే.

18 నవంబరు, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి మళ్లీ ఇద్దరూ వరండాలో ఉన్నారు. ఒకటే వాదులాట. రేవెవరిది అంటాడు సొలొమోను. కాదెహె, పడవెవరిది అంటాడు రత్తయ్య. నువ్వు చెవిటోడివి, నీకేం వినపడి ఉంటుందిరా అని ఇతను. అప్పుడు నేను చెవిటోణ్ణి కాదుగా అని అతను. నేను వంటింట్లో బియ్యం చెరుగుతూ, ఈ ముసలాళ్ల చాదస్తం చాదస్తం కాదు దేవుడా అనుకుంటున్నాను.

లోపల మంచం మీద నుంచి కేక.

ఒడ్డెవరిదీ!

ముసలి గొంతు కాదు, ఇరవయ్యేళ్ల కుర్రాడి గొంతు. నా చేతిలో చేట జారిపోయింది. వరండాలో ఇద్దరూ దిగ్గున లేచి, చేతికర్రలు కూడా అందుకోకుండా, మనదే! అని అరిచారు. చెవిటి రత్తయ్యే ముందు అరిచాడు. ఎక్కడో నిప్పంటుకుందనుకుని పక్కింటి జయమణి నీళ్ల బిందెతో పరిగెత్తుకొచ్చింది.

ఆయన ముఖం ఎంత తేటగా ఉందో. నేను అక్కడే మోకాళ్ల మీద కూలబడి స్తోత్రం ప్రభువా, స్తోత్రం అన్నాను. ఒక మాట వచ్చిందంటే రెండో మాట దాని వెనకే వస్తుంది, ఒకటో క్లాసు పిల్లలకైనా అంతే. పాస్టరు గారికి కబురు పెట్టాను. బెల్లం పాయసం చేశాను. సాయంత్రం దాకా పక్కనే కూచుని, టీచరమ్మా అనండి, ఏదీ, టీచరమ్మా అనండి అని చెబుతూనే ఉన్నాను.

19 నవంబరు

మళ్లీ అన్నారు. అదే మాట.

22 నవంబరు

చైనావాళ్లు కాల్పులు ఆపేశారట. సభ మాత్రం ఆపరట.

26 నవంబరు, సోమవారం

దాహమేస్తే ఒడ్డెవరిది. వీపు దురద పెడితే ఒడ్డెవరిది. పక్క తడిస్తే ఒడ్డెవరిది. పాస్టరు గారు ప్రార్థన ముగిస్తే ఆమెన్ బదులు అదే. జవాబు చెప్పేదాకా శాంతించరు, కళ్లు పెద్దవి చేసుకుని గుమ్మం వైపే చూస్తుంటారు. మనదే అంటే తల దిండుకు ఆనిస్తారు.

ఇవాళ నాకు ఓపిక చచ్చిపోయింది. ఎవరిదైతే నాకేమిటి, నన్నెందుకిలా కాల్చుకు తింటున్నారు అని అరిచేశాను. ఆయన ఎడమ చేత్తో ముఖం కప్పుకున్నారు. పెరట్లోకి పోయి ఏడ్చాను. కళ్లు తుడుచుకుని వచ్చి, మనదేనండీ, మనదే అన్నాను. చెయ్యి అప్పుడు తీశారు.

2 డిసెంబరు, ఆదివారం

రత్తయ్య ఒక్కడే వచ్చాడు. గడప మీద కూచుని, ఇది యుద్ధనినాదమూ కాదు పాడూ కాదు వదినా, ఆ వెంకటరత్నం గారికి ఎట్లా చెప్పాలో తెలవక ఊరుకున్నా అన్నాడు.

ముక్త్యాలలో మంచు కమ్మినప్పుడు పుట్టివాళ్లకు గట్టు కనపడదట. నడినీళ్లలో నుంచి ఒడ్డెవరిది అని కేకేస్తారు. గట్టు మీద ఉన్నవాడు మనదే అంటాడు. ఆ గొంతు పట్టుకుని పుట్టి ఒడ్డుకు చేరుతుంది. మూడుసార్లు పిలిచినా పలుకు లేకపోతే అటు ఒడ్డు లేనట్టే, పుట్టి వెనక్కి తిప్పుకోవాలి. అదీ వాళ్ల కట్టుబాటు.

బస్రా పైన టైగ్రిస్ అనే నదిలో కూడా అచ్చం మన పుట్టి లాంటి పడవలే ఉంటాయట. తెల్లవారేలోపు సిపాయిల్ని అవతలికి దాటించాలి. మా ఆయన మొదటి విడతను దించేసి, రెండో విడతను ఎక్కించుకుని మళ్లీ వెళ్లేసరికి గట్టంతా పొగ, తుపాకులు. ఒడ్డెవరిది అని పిలిచారట. పలుకు లేదు. మళ్లీ పిలిచారట. లేదు. మూడోది కూడా పిలువు, వెనక్కి పోదాం అని పుట్టిలో అందరూ గోల. ఈయన మూడోసారి పిలవలేదట. నోరు మూసుకుని తెడ్డు వేస్తూనే ఉన్నారట.

గట్టు మీద అందరూ పోయారు. సొలొమోను మాత్రం బురదలో బతికి ఉన్నాడు. దవడ పగిలి పలకలేకపోయాడు, అంతే.

ఇన్నేళ్లు ఈ మనిషి పక్కన కాపురం చేశాను. ఖర్జూరాలు బాగుంటాయట!

దీన్ని స్టేజి ఎక్కిస్తారా, నేను పంపను అన్నాను. రత్తయ్య ఊరుకోలేదు. ఇంట్లో మనం ఇద్దరం ముగ్గురం పలికితేనే వాడు అంత తేరుకుంటున్నాడే, అన్ని వందల మంది ఒక్కసారి మనదే అంటే వాడి ప్రాణం లేచొస్తది వదినా, ఆ ఊపులో ఇంకో మాట కూడా రావొచ్చు అన్నాడు. ఇంకో మాట అనేసరికి సరేనన్నాను.

9 డిసెంబరు, ఆదివారం

బస్సు వెనక సీట్లో పడుకోబెట్టి నందిగామ తీసుకెళ్లాం. ఖాకీ కోటు తొడిగి యుద్ధం పతకాలు పెట్టాను. జయమణి తోడొచ్చింది.

అక్కడికి వెళ్లాక తెలిసింది. వెంకటరత్నం గారు జవాబు మార్చేశారు. మనదే అంటే ఎవరిదని అనుమానం వస్తుందమ్మా, జై హింద్ అయితే క్లియర్‌గా ఉంటుంది, స్కూలు పిల్లలకు ట్రైనింగు కూడా ఇచ్చేశాం అన్నారు. వద్దండీ, ఆయనకు ఆ జవాబే కావాలి అన్నాను. బతిమాలాను. మీరేం కంగారు పడకండి, ప్రోగ్రాం మాకొదిలేయండి అని చిరునవ్వు నవ్వి, నన్ను ఆడవాళ్లకు వేరుగా కట్టిన తాడు అవతల కూచోబెట్టించారు. జై హింద్ అంటే నాకు చేదా? రోజూ పొద్దున్నే పిల్లల చేత అనిపించినదాన్నే. కానీ ఆ ప్రశ్నకు అది జవాబు కాదు.

కుర్చీతో సహా ఎత్తి స్టేజి మీద పెట్టారు. సొలొమోను, రత్తయ్య చెరో పక్క నిలబడ్డారు. సొలొమోను గ్లాసుతో మంచినీళ్లు చూపించాడు. ఇదీ వాళ్ల ఉపాయం, నీళ్లు చూస్తే చాలు పిలుస్తారు.

ఒడ్డెవరిదీ! మైకులో బజారంతా మోగింది.

జై హింద్! అని సభంతా అరిచింది. పిల్లలు, ప్లీడర్లు, బస్టాండులో జనం, అందరూ. రత్తయ్య, సొలొమోను నోళ్లు తెరిచి ఏదో అన్నారు, మనదే అనే అని ఉంటారు, ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? ఆయన తల అటూ ఇటూ తిప్పి వెతికారు. మళ్లీ పిలిచారు. గొంతు జీరబోయింది. జై హింద్! సభ ఇంకా గట్టిగా అరిచింది.

ఆయన ఊరుకున్నారు.

జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం ఆయన ఎడమ చెయ్యి చూస్తున్నాను. కుర్చీ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగుతోంది, వదులుతోంది, మళ్లీ లాగుతోంది. తెడ్డు వేస్తున్నారు. ఓరి దేవుడా, మూడోసారి పిలవరు ఈ మనిషి.

తాడు దాటాను. వాలంటీరు కుర్రాడు అడ్డం వస్తే నెట్టేశాను. స్టేజి ఎక్కి చెవిలో మనదే, మనదేనండీ అన్నాను. ఎన్నిసార్లన్నానో. మైకులో పడిందట, జనం నవ్వారట, జయమణి చెప్పింది. చెయ్యి ఆగలేదు.

10 డిసెంబరు

బస్సులో ఆగలేదు. ఇంటికొచ్చాకా ఆగలేదు.

16 డిసెంబరు, ఆదివారం

వెంకటరత్నం గారి మనిషి శాలువా తెచ్చిచ్చాడు. ఐటెం బ్రహ్మాండంగా పేలిందట, జనవరి ఇరవయ్యారుకు మళ్లీ కావాలట. శాలువా అతని చేతిలోనే పెట్టి పంపేశాను. పాపం, అతనేం చేశాడు. అయినా పంపేశాను.

ఆ రోజు నుంచి ఆయన ఒక్కసారి కూడా పిలవలేదు. నీళ్లు చూపించినా పిలవరు. గోరుచుట్టుపై రోకలిపోటంటే ఇదే. ఉన్న ఆ ఒక్క మాటా పోయింది. పిలవండి, విసుక్కోను, ఎన్నిసార్లు పిలిచినా పలుకుతాను అన్నాను. నా వైపు చూస్తారు గాని నేను కనపడుతున్నట్టు లేదు. దుప్పటి అంచు పట్టుకుని లాగుతూనే ఉంటారు. అరచెయ్యి పుండు పడితే గుడ్డ చుట్టాను.

25 డిసెంబరు, క్రిస్మస్

సొలొమోను, రత్తయ్య పొద్దున్నే వచ్చేశారు. ఎవరూ పిలవకుండానే మంచానికి చెరో పక్క కూచుని మనదే, మనదే అంటూనే ఉన్నారు. కేకు ముట్టలేదు. సొలొమోను ఆ గుడ్డ చుట్టిన చెయ్యి పట్టుకుని, వచ్చేశావురా, ఇదే ఒడ్డు, నేనే పలుకుతున్నా, ఇప్పుడు పలకగలనురా అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ చెయ్యి సొలొమోను చేతిని కూడా తనతో పాటే లాక్కుపోయింది.

జయమణి పిల్లలు నక్షత్రం కట్టి దీపం పెట్టారు. ఆయన అన్నం నాలుగు ముద్దలు తిన్నారు. తెడ్డు నిదానించింది.

3 జనవరి 1963

పొద్దున్నే మంచు. కాఫీ తెచ్చేసరికి చెయ్యి ఆగి ఉంది.

ఒడ్డెవరిది అని పిలిచాను. మళ్లీ పిలిచాను.

మూడోసారి పిలవను.