మడత విప్పని బొమ్మ

బొమ్మల కింద ‘మబ్బు’ అని సంతకం చేసే నేను, డెబ్బై ఒకటో ఏట, ఊపిరితిత్తులు మొండికేసినా బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. జన్మంతా కలలు గీసినవాడికి స్థిరబుద్ధి ఎక్కడిదని ఎవరైనా కోర్టుకెక్కితే, డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను, చూసుకోండి. దీని అమలు బాధ్యత ఎదురింటి ఫ్రేముల మేస్త్రిది.

1. నా ఈజిలు, కుంచెలు, మిగిలిన రంగులు సదరు మేస్త్రికే చెందాలి. ఏ వైపు పైకి రావాలో అడక్కుండా నా బొమ్మకి ఏనాడూ మేకు కొట్టని మనిషి.

2. పరుపుల షాపు బోర్డు మీద మంచం బదులు మబ్బు గీస్తే, “మబ్బు మీద ఎవరు పడుకుంటారండీ? చెరిపేసి ధర రాయండి,” అన్న యజమానికి ఆ బోర్డు నమూనా ఇస్తున్నాను. ఇప్పుడు ఆయన కొడుకు వేయించే ప్రకటనల నిండా మబ్బులే. మేం స్నేహితులం కుర్రతనంలో ప్రాణం పెట్టిన సర్రియలిజం, ఆ కలల బొమ్మల ఉద్యమం, చివరికి పరుపులమ్ముకుంటోంది. నాకు ఆయన మీద కోపం లేదు. కొంచెం ఉంది.

3. నా ‘తాళం’ బొమ్మ మీద విమర్శకుడు రాసిన వ్యాసాన్ని ఆయనకే తిప్పి పంపాలి. రెండు మనసుల అడుగున ఒకే అంతశ్చేతన ఉందనడానికి ఆ బొమ్మే సాక్ష్యమని రాశారు. అది అబద్ధం. తప్పు ఆయనది కాదు.

4. ఈ ఇల్లు, నా పేరనున్న బొమ్మలన్నీ మా అక్కకి సర్వహక్కులతో చెందుతాయి. అక్కా, ఇకపై రాసేది నీకే.

మన ఆట నీకు గుర్తుండే ఉంటుంది. కాగితం సగానికి మడిచి ఒకరు తల గీయాలి. మెడ గీతలు రెండు మాత్రం మడత దాటించి ఇవ్వాలి. రెండోవాళ్ళు పైసగం చూడకుండా మొండెం గీయాలి. తెలివి అడ్డు రాకపోతే లోపలి మనసు తనే గీస్తుందని మన నమ్మకం. ఆ రోజు నువ్వు ముఖం ఉండాల్సిన చోట తాళం వేసిన తలుపు గీశావు. నేను గీసిన మొండెం చేతిలో తాళంచెవి ఉంది. గదిలో ఉన్న స్నేహితులందరూ నోరెళ్ళబెట్టారు. అదే ‘తాళం’ బొమ్మ అయింది.

నేను చూశానక్కా. నువ్వు మంచినీళ్ళకి లేచినప్పుడు మడత ఎత్తి చూశాను.

నువ్వేమో, “మనిద్దరికీ లోపల ఒకటే మనసురా. నువ్వు గీస్తే నేను గీసినట్టే. ఇంక నేనెందుకు?” అని నీ కుంచెలు కడిగి అటక మీద పెట్టేశావు. నా రంగుల కోసం చొక్కాలకి కాజాలు కుట్టి కళ్ళు పాడుచేసుకున్నావు. నాకంటే నీ చెయ్యే మంచిదని నాకు మొదటి నుంచీ తెలుసు. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం చాలేది. నలభై తొమ్మిదేళ్ళు నోరు మెదపలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

5. బీరువా కింది సొరుగులో ఒక మడిచిన కాగితం ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందట, “తీరికున్నప్పుడు నీ సగం గీసివ్వరా,” అని నువ్విచ్చిందే. చూసి గీస్తే మళ్ళీ దొంగతనం. చూడకుండా గీస్తే కలవదు, నీకు తెలిసిపోతుంది. అందుకే తీరిక లేదని అబద్ధమాడుతూ వచ్చాను. ఈ ఉదయం నా సగం గీశాను. గీత ఎటు పోతే అటు పోనిచ్చాను. నువ్వు గీసిన తల ఎలా ఉంటుందో చూడాలని చాలా ఉంది, చూడలేదు. మేస్త్రి దాన్ని నీ చేతికే ఇవ్వాలి. ఆ మడత నువ్వే విప్పాలి, ఇంకెవరికీ హక్కు లేదు.

బొమ్మ కలవదక్కా. ఆ కలవని సగంలోంచి నీ కుంచె నువ్వు మళ్ళీ తీసుకో.

తేదీ: 18 ఫిబ్రవరి 2024, ఆదివారం

(సంతకం) మబ్బు

సాక్షులు:
ఎదురింటి ఫ్రేముల మేస్త్రి
కింది వాటాలోని నర్సు

పై వ్యక్తి మా ఎదుటే ఈ వీలునామా మీద సంతకం చేశారు. అంతకుముందు కాగితం మీద బొమ్మ గీస్తుండగా మేమిద్దరం పక్కనే ఉన్నాం. ఆయన మడత ఎత్తలేదు.