లండన్ హత్యల పుస్తకంలో పేర్లు

మంగళవారం, బోధన్

బీడీలు చుట్టేటప్పుడు ఎవరో ఒకరు ఏదైనా చదివి వినిపించడం మా వాడలో అలవాటు. ఈరోజు నా వంతు. బుద్ధి లేక, నేను చదువుతున్న నూరేళ్లు దాటిన పాత లండన్ హత్యల బొమ్మల పుస్తకమే తీసుకుపోయి తెలుగులో చెప్పాను. పేద ఆడవాళ్లను వరసగా చంపినవాణ్ని పెద్దలంతా కలిసి దాచేశారన్నాను. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

గంగామణి అక్క చేయి మాత్రం ఆగింది. నిరుడు ఆమె చెల్లెలి శవం చెరుకు తోటలో దొరికింది. పాము కరిచిందని రాసి పోలీసులు కేసు మూసేశారు.

"సచ్చిపోయిన ఆడోళ్ల పేర్లు అండ్ల ఉన్నయా?" అని అడిగింది.

"ఉన్నయక్కా."

"నూరేండ్లు దాటినా ఉన్నయన్నట్టు," అని మళ్లీ ఆకు అందుకుంది.

ఆ లండన్ ఆడవాళ్లందరి పేర్లూ చూడకుండా చెప్పగలను. ఆమె చెల్లెలి పేరు నాకు తెలియదు.