మేడం లేని క్లాసు

వాకాడు

అక్కా,

నెల్లూరు ఆఫీసులో బావ చూసిన ఉద్యోగానికి సోమవారంలోగా సరేనంటానని చెప్పాను కదా. ఇన్నేళ్లుగా ఇంజనీరింగ్ పాఠాలు చెబుతున్నా క్లాసులో ఒక్కరూ నోరు విప్పరని, నా మాట ఎవరికీ ఎక్కడం లేదేమోనని నీ దగ్గర ఏడ్చాను కూడా.

నిన్న శివ అనే మా విద్యార్థి వాళ్ల వాట్సాప్ గ్రూపులో నన్ను చేర్చాడు. నా పేరే ఉన్న ఇంకో అమ్మాయి అనుకున్నాడు పాపం. గ్రూపు పేరు 'మేడం లేని క్లాసు'. వెంటనే తప్పుకోవాల్సింది. కానీ వాయిస్ మెసేజీలు వినేశాను.

"శివా, బెండింగ్ మూమెంట్ నాకు బుర్రకెక్కలా" అంటోంది వనజాక్షి.

"కావిడికి రెండు పక్కలా చేపల గంపలేసి మోస్తే బద్ద యాడ విరుగుద్ది మే?"

"భుజం కాడ."

"మూమెంట్ ఎక్కువుండేది ఆడే. ఇంతే మే."

నేను పలకలేదంటే నమ్ముతావా? నమ్మొద్దు. 'ఒక గంపలోనే బరువుంటే?' అని టైపు చేశాను.

"నీకన్నీ తిక్క డౌట్లే. రేపు మేడంని అడుగు, ఆమైతే బాగా చెప్పుద్ది" అన్నాడు శివ.

ఫోను పట్టుకుని వంటింట్లో గిరగిరా తిరిగాను. పాలు పొంగిపోయాయి.

ఇవాళ క్లాసులో వనజాక్షి లేచి నా ప్రశ్నే నన్నడిగింది. నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగే జవాబు చెప్పాను.

ఆ ఉద్యోగం వద్దని బావకి నువ్వే నెమ్మదిగా చెప్పు. గ్రూపులోంచి తప్పుకోవడమే ధర్మమని నాకూ తెలుసు. రేపు శివ గ్రూపులో ట్రస్సుల పాఠం చెబుతాడట. అదొక్కటీ విని తప్పుకుంటాను.

నీ చెల్లి