కూలర్ ఆగితే మోగే పెట్టె

మే 3
మందు గోలీల పెట్టె పూర్తయింది. టైం కాగానే మోగుతుంది. మా ఆయన లేవకపోతే వైర్‌లెస్‌తో కూలర్‌నే ఆపేస్తుంది. గోలీ తీస్తేనే కూలర్ మళ్లీ తిరుగుతుంది. గోదావరిఖని ఎండల్లో ఏ మొగుడైనా లేవాల్సిందే. షుగర్ పెట్టుకొని బొగ్గుబావిలోకి దిగే మనిషి... గోలీ తప్పితే లోపల కళ్లు తిరుగుతాయి. ఆ భయంతోనే మొదలుపెట్టాను. పాలిటెక్నిక్ కాలేజీలో ల్యాబ్ చూసుకుంటున్నదాన్ని, నాకూ ఒక పేటెంటు రాకపోతుందా?

మే 5
హైదరాబాద్ నుంచి పేటెంటు ఏజెంటు మేడం ఫోన్. మోగే పెట్టెలకు ఎప్పుడో పేటెంట్లు వచ్చేశాయట. దూరం నుంచి ఫ్యాన్లు, లైట్లు ఆపేవాటికీ ఉన్నాయట. "మీదాంట్లో కొత్తదేంటి?" అంది. ఆలోచించుకోమంది. వచ్చే వారం మళ్లీ మాట్లాడదామంది.

మే 6
ఆయనకు నైట్ షిఫ్టు మొదలు.

మే 7
చాలా భయపడ్డాను. డ్యూటీ నుంచి వచ్చి ఒట్టి చాయ్ తాగి పడుకున్నాడు. అలా పడుకున్నాడో లేదో పెట్టె మోగింది, కూలర్ ఆగింది. విసుక్కుంటూ లేచి గోలీ మింగి, ఏమీ తినకుండా మళ్లీ పడుకున్నాడట. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి షుగర్ పడిపోయి ఆయనకు చెమటలు, చేతుల వణుకు. చక్కెర నీళ్లు తాగించాను. తేరుకున్నాక మొదటి మాట —
"పొద్దుగాల గోలి అన్నవ్. నాకు పొద్దుగాల అయ్యిందే ఇప్పుడు."
నేనూ బావి పనివాళ్ల ఇంట్లో పుట్టినదాన్నే. నాన్న సాయంత్రం పళ్లు తోముకోవడం చూస్తూ పెరిగాను. అయినా పెట్టెను గడియారానికి కట్టేశాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

మే 8
షిఫ్టు టైములన్నీ పెట్టెలో ఎక్కిస్తే? ఆయన నవ్వాడు. "ఓటీ పడితే ఎట్ల? ఇంకొకని షిఫ్టు నేను చేస్తే ఎట్ల?"
నిజమే.

మే 9
కూర కలుపుతున్నాను. కూలర్ చప్పుడు ఆగింది. లేచాడు, అన్నం పెట్టాలి — చెయ్యి దానంతటదే కంచం మీదికి పోయింది.
అక్కడే ఆగిపోయాను. ఈ కాలనీలో ప్రతి ఇల్లాలికీ ఇదే గుర్తు. పగటిపూట కూలర్ ఆగిందంటే మనిషి లేచినట్టు.
కూలర్‌ను పెట్టె ఆపడం కాదు. కూలరే పెట్టెకు చెప్పాలి.

మే 11
తిప్పి కట్టాను. ఆయన లేచి కూలర్ ఆపగానే మోగుతోంది. తింటున్నాడు, గోలీ వేసుకుంటున్నాడు. తిట్టడం లేదు. అదే పెద్ద సర్టిఫికెట్.

మే 14
మేడంతో వీడియో కాల్. నేను చెబుతుండగానే వెనక కూలర్ ఆగింది, పెట్టె మోగింది. లుంగీ మీద మా ఆయన నా కుర్చీ వెనకగా వచ్చి కంచం ముందేసుకున్నాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన తింటూనే ఉన్నాడు. చివరికి గోలీ. కెమెరా ఉన్న సంగతే ఆయనకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయాను.
మేడం మాత్రం ఆయన్నే చూస్తోంది. "ఇలాంటిది నేనెక్కడా చూడలేదు. ఇంకెవరైనా ముందే చేశారేమో వెతికి చెప్తాను" అంది.
ఎంత సంతోషమో...

మే 16
మేడం నుంచి కబురు లేదు. ఎదురింటి లక్ష్మక్క వచ్చింది. "మా ఆయనకు బీపీ గోలీలున్నయ్. గసొంటి పెట్టె మాక్కూడ ఒకటి చేసియ్యరాదే." చేస్తానన్నాను.

మే 17
సాయంత్రం చాయ్ తాగుతూ ఆయన —
"అంత మంచిగనే ఉంది గని, చలికాలం కూలర్ వెయ్యం గద. నేను లేసిన్నని నీ పెట్టెకు ఎవలు చెప్తరు?"
ఇంత సంబరంలో ఆ ఆలోచనే రాలేదు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం తాపీగా చాయ్ ఊదుకుంటున్నాడు.
అప్పటి నుంచి మంచం వైపే చూస్తున్నాను. చలికాలం లేవగానే ఆయన పక్కకు తోసేది... దుప్పటి?