పద్నాలుగో పట్టు

గిద్దలూరు
సోమవారం

ప్రియమైన భాగ్యా,

మీ ఊళ్లో సిగ్నల్ ఉండదు, అందుకే ఆటో శివకృష్ణ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీ మేకలు నీళ్లు తాగే మడుగు మీది బండ నా ప్రాణం తీస్తోందే! పైకి ఎక్కడం కాదు, ఈ చివర నుంచి ఆ చివరికి అడ్డంగా పాకిపోవాలి. పైనుంచి తాడు మీద దిగి, వేళ్లు దూరే ఇరవై రెండు చోట్లా సుద్దపొడితో గుర్తులు పెట్టుకున్నాను. తాడు విప్పి మొదలుపెడితే పద్నాలుగో పట్టు దగ్గర దబ్బున మడుగులో పడుతున్నాను.

హైదరాబాద్ నుంచి నా మిత్రులు వచ్చే నెల వస్తున్నారు. ఈలోగా దాన్ని మొట్టమొదట దాటింది నేనే కావాలి. తీరా నిన్న వెళ్తే గుర్తులన్నీ మాయం! వాన కూడా పడలేదు. ఎవరి పనో కాస్త కనుక్కోవూ?

నీ వాసవి

రాచర్ల మండలం
గురువారం

ప్రియమైన వాసూ,

చెరిపిందెవరో ఇప్పుడు చెప్పలేను. ఆ గుర్తులు దేనికని అమ్మ రోజూ అడుగుతోంది. అన్నం కూడా సరిగా తినడం లేదు. నిజం రాయి, అవి పెట్టమని నీకెవరైనా చెప్పారా?

నీ భాగ్య

గిద్దలూరు
మంగళవారం

ప్రియమైన భాగ్యా,

ఎవరు చెబుతారే పిచ్చిదానా! నా చేతుల కోసం నేనే పెట్టుకున్నాను. అమ్మను కడుపునిండా తినమను.

మళ్లీ పెట్టాను, మళ్లీ చెరిగిపోయాయి. ఈసారి తాడు మీద దిగి చూశాను. చివరి పట్టు కూడా శుభ్రంగా తుడిచి ఉంది, కిందనే చెప్పుల్లేని కాలి మట్టి ముద్ర. అంటే ఎవరో తాడు లేకుండా, ఒక చేత్తో తడిగుడ్డ పట్టుకుని బండంతా దాటారు! నాకు రెండు చేతులున్నా కాలేదు. మొదట ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆ మనిషి కాళ్లకు దండం పెట్టాలని ఉంది.

నీ వాసవి

రాచర్ల మండలం
శుక్రవారం

ప్రియమైన వాసూ,

దండం మా అమ్మకే పెట్టాలి. పుల్లలచెరువు దగ్గర ఆమె పుట్టినూళ్లో ఒక గుట్టకు ఇలాగే తెల్ల గుర్తులు పెట్టారట. నెల తిరక్కుండా మిషన్లు వచ్చి గుట్టను పిండి చేశాయి, ఊట ఎండిపోయింది. ఈ మడుగూ పోతే మేకలకు నీళ్లెక్కడని భయపడి, నువ్వు వెళ్లగానే తుడిచేది. నువ్వు క్వారీవాళ్లను తెస్తున్నావేమోనని నాకూ అనుమానం కలిగింది. క్షమించు.

నీ ఉత్తరం చదివి వినిపిస్తే పడీపడీ నవ్వింది. బండ మీద చిక్కుకున్న మేకపిల్లల కోసం పదేళ్ల వయసు నుంచి అట్లాంటివి దాటుతోందట. "ఆ పాప పడేకాడ నేనూ పడినాను. రెండు చేతులా గట్టిగా పట్టుకుంటే అట్లనే పడతారు. ఆడ కుడిచెయ్యి ఇడిచిపెట్టి ఎడమకాలి మీద నిలబడమను" అంది.

అమ్మ తుడిచేదని నాకు తెలుసు. అదెంత గొప్ప పనో నువ్వు రాసేదాకా తెలియలేదు.

ఆదివారం రా. అమ్మ ముందు, వెనక నువ్వు, నీ వెనక నేను. సుద్దపొడి వద్దు, మార్చుకునే బట్టలు తెచ్చుకో.

నీ భాగ్య