మీ ఊరి ఆయుష్షు

ప్రియమైన తమ్ముడికి,

నిన్న పేపర్లో చదివిన సంగతి ఒకటి నన్ను పట్టుకుని వదలడం లేదు. దేశంలో మనిషి సగటున డెబ్భై ఏళ్ళు బతుకుతున్నాడట. మీ ప్రాంతంలో అరవై ఒకటేనట. అన్నిచోట్లా ఏటేటా పెరుగుతూ వస్తున్న ఆయుష్షు మీ దగ్గర మాత్రం ఉన్నచోటే ఉండిపోయిందని గీత గీసి మరీ చూపించారు. మా సముద్రపు ఒడ్డు ఊళ్ళలో డెబ్భై ఎనిమిది. మా అత్తగారినే చూడు, తొంభై రెండు దాటినా నా వంటకు వంకలు పెట్టడం మానలేదు.

నీకు యాభై ఏడు నిండాయి. మిగతా లెక్క నేను చెయ్యను. మా ఇంటి కింద గది ఖాళీ అయింది. రెండు కుర్చీలు, పెద్ద అద్దం పడతాయి. నీ సెలూన్‌కి అంతకంటే ఏం కావాలి? మరదల్ని తీసుకుని వచ్చెయ్. ఆలోచించి చెప్తానని మాత్రం రాయకు, నీ ఆలోచన సంగతి నాకు తెలుసు.

ప్రేమతో,
నీ అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం మీ మరదలికి చదివి వినిపించాను. "అయితే ఇంకో నాలుగేళ్ళు భరిస్తే చాలా?" అంది. ఆవిడకి నేనంటే అంత ప్రేమ.

సగటంటే నా ఒక్కడి లెక్క కాదక్కా. రాయి కోసే మిల్లుల్లో పనిచేసేవాళ్ళు యాభై రాకుండానే పోతున్నారు. ఆ లోటును ఊరందరికీ పంచి చెప్తారు. నేను మిల్లు గేటు కూడా దాటలేదు. కాకపోతే పొద్దున్నే ఆ దుమ్మే నా కుర్చీలోకి వచ్చి కూర్చుంటుంది. గడ్డం గీస్తుంటే వాళ్ళకి దగ్గు తెర వస్తుంది. కత్తి పైకెత్తి పట్టుకుని నిలబడతాను. ఈమధ్య గీసే సేపటి కంటే ఆగే సేపే ఎక్కువైంది. సాయంత్రానికి చెయ్యి పీకేది పనిచేసి కాదు, ఆగి ఆగి. నేల ఊడిస్తే తెల్లజుట్టు కనపడటం అరుదు.

మీ ఊళ్ళోనే ఉన్నా బావ ఆ డెబ్భై ఎనిమిది చూడకుండానే పోయాడు కదా. పొడవాలని కాదు, గుర్తొచ్చి రాశాను.

అల్లుడికి మిల్లు తప్ప వేరే పని రాదు. నీ మేనకోడలికి ఐదో నెల. వాళ్ళని ఇక్కడ వదిలేసి నేనక్కడ ఎక్కువ కాలం బతికి ఏం చేసుకోను?

నీ ఆరోగ్యం జాగ్రత్త. అత్తగారికి నమస్కారాలు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఈ ఉత్తరం ఎప్పుడో మొదలుపెట్టాను. నాలుగు మాటలు రాసేలోపు అత్తగారు పిలుస్తుంది. మంచినీళ్ళంటుంది. తీసుకెళ్తే ఎవరడిగారంటుంది.

కింద గది ఎవరికీ ఇవ్వలేదు. అమ్మాయిని, అల్లుణ్ణి కూడా తీసుకునే రా. పేపర్లో రాసినదాని కోసం కాకపోయినా రా. మా వీధంతా ఒకటే తీరు: ఇంటికో పండు ముసలి మనిషి, ఆ మనిషిని చూసుకోవడానికి ఇంకో ముసలి మనిషి. పక్కింటావిడ వాళ్ళమ్మకు స్నానం చేయించి, బయటికొచ్చి మెట్ల మీద కూలబడుతుంది. నేనిటువైపు మెట్ల మీద. ఒకరినొకరం చూసుకుంటాం, మాట్లాడుకోం. మాట్లాడాలంటే ఓపిక ఉండొద్దూ.

మళ్ళీ పిలుస్తోంది. ఉంటాను.

అక్క

*

ప్రియమైన అక్కకు,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని కోపం తెచ్చుకోకు.

అల్లుడికి జ్వరం తగ్గక ఎక్స్‌రే తీయించాం. డాక్టరు దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "మీ నాన్నగారిదా?" అని అడిగాడు. అల్లుడికి ముప్పై ఒకటి. "నాదేనండీ" అన్నాడు. డాక్టరు ఎక్స్‌రే మీద పేరు మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత చెప్పాడు, "ఇప్పుడే దుమ్ము మానేస్తే ఉన్నది నిలుస్తుంది. పోయింది రాదు. మానకపోతే మళ్ళీ నా దగ్గరికి రావద్దు." బరువులు కూడా ఎత్తకూడదట.

తిరిగొస్తుంటే దారిలో అడిగాడు, "మావయ్యా, ఆ అరవై ఒకటిలో నావెన్ని?"

నోర్ముయ్ అన్నాను. అనేసి అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాను. వాడే నా భుజం తట్టాడు.

వస్తున్నామక్కా. నలుగురం. నువ్వు మొదట రాసినప్పుడే కదిలి ఉంటే బాగుండేది. నా ప్రాణం గురించి నాకంటే ముందు నువ్వే ఆలోచించావు. మాకు మీ ఊరు కావాలి ఇప్పుడు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

ఇది ఆసుపత్రి మంచం మీద నుంచి రాస్తున్నాను. కంగారు పడకు, రేపు పంపించేస్తామన్నారు. అంతవరకు అత్తగారిని పక్కింటావిడ చూస్తోంది. అత్తగారిని మంచం మీద ఒత్తిగిలేలా తిప్పబోయి పడిపోయాను. ఎముకలు బాగానే ఉన్నాయి. గుండె బాగా అలిసిపోయిందట. ఇక బరువులు ఎత్తొద్దన్నారు. ఇంట్లో ఉన్న బరువు ఒక్కటే, అది పిలుస్తుంది కూడా అని చెప్తే నర్సు నవ్వింది. నేను నవ్వలేదు.

ఆవిడ లేచి నడవక నాలుగేళ్ళయింది. బావ పోయినప్పుడు పడ్డ మనిషి మళ్ళీ లేవలేదు. నీకు ఎప్పుడూ రాయలేదు. వంకలు పెడుతోందని రాశాను, ఒకప్పుడు పెట్టేది కాబట్టి. ఇప్పుడు నా పేరు కూడా తెలీదు. అన్నం పెడుతుంటే మాత్రం నా వేలు గట్టిగా పట్టుకుంటుంది. ఆవిడ పోవాలని నేనెప్పుడూ అనుకోలేదు, నమ్ము. ఒక్క రాత్రి కంటినిండా నిద్రపోవాలని అనుకున్నానంతే.

పేపర్లో మీ ప్రాంతం సంగతి చూసి భయపడిన మాట నిజమే. కానీ నిన్ను రమ్మంది నీ ఆయుష్షు కోసమే కాదు. ఇంట్లో ఇంకో రెండు చేతులుంటాయని. డెబ్భై ఎనిమిది అని గొప్పగా రాసినవాళ్ళు, ఆ చివరి ఏళ్ళను ఎవరు మోస్తున్నారో రాయలేదు. నువ్వేమో ప్రాణం నిలబెట్టే ఊరనుకుని జబ్బు మనిషిని, కడుపుతో ఉన్న పిల్లని తీసుకొస్తున్నావు. తెలిసి రావాలి కదా, అందుకే రాస్తున్నాను. రాకపోయినా ఏమీ అనుకోను.

అక్క

*

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం అందరికీ ఒకేసారి చదివి వినిపించాను. మీ మరదలు లేచి వెళ్ళి అటక మీంచి పెట్టె దించింది. అల్లుడు మాత్రం, "ఆవిడ ఎంత బరువుంటుంది మావయ్యా?" అన్నాడు. "నువ్వు ముట్టుకోవద్దు" అన్నాను. "ముట్టుకోను. పక్కన కూర్చుని వేలిస్తాను" అన్నాడు.

సెలూన్ మూసేశాను. చివరి రోజు గడ్డానికొచ్చిన మిల్లు మేస్త్రీ, "వెళ్ళండి, వెళ్ళండి. ముసలివాళ్ళయ్యే వాళ్ళంతా వెళ్ళిపోతే మా సగటు ఇంకా దిగజారుతుంది" అని నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. కత్తి ఎత్తి నిలబడ్డాను. అతను తేరుకున్నాక మిగతాది గీశాను.

రాత్రుళ్ళు మీ అత్తగారి దగ్గర నేనూ, మీ మరదలూ వంతులేసుకుంటాం. నువ్వు బాగుంటేనే మాకు అది బాగుండే ఊరు.

ఆదివారం దిగుతాం. స్టేషనుకి రాకు. తాళంచెవి పక్కింటావిడకిచ్చి పడుకో. మా అలికిడి వినపడినా లేవకు.

నీ తమ్ముడు