కళ్లంలో బూట్లు

1969, కార్తీకం, సోమవారం రాత్రి

ఇవాళ కూడా ఫ్యాక్టరీ షెడ్డు గుమ్మంలో బూట్లు విప్పేసి లోపలికి నడిచాను. అక్కడికి రాగానే కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. నా లేత్ మిషన్ ఉన్నచోటే మా కళ్లం ఉండేది. ఈ నెలల్లో అక్కడ వడ్ల రాశి ఉండేది. చెప్పులతో అడుగుపెడితే నాయన ఊరుకునేవాడు కాదు.

సూపర్‌వైజర్ మూర్తిగారు చూశారు. "ఏంటి మల్లేశం, మళ్లీ ఉత్త కాళ్లేనా? ఇంకోసారి ఇలా కనిపిస్తే నిన్ను పర్మినెంటు చెయ్యమని నేను రాయలేను" అన్నారు. ఆయనది ఏలూరు వైపు, మంచివాడే. కానీ ఆయన షెడ్డు మా కళ్లమని ఎలా చెప్పను? బూట్లు వేసుకున్నాను.

ఫ్యాక్టరీకి భూమి పోయినందుకు వచ్చిన కొలువు, ఇది కూడా పోతే...

భోజనాల దగ్గర నాయనకు చెప్పాను. కంచంలోనే చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత, "ఇగ అది కళ్లం గాదు బిడ్డా. రేపటి సంది బూట్లేసుకొనే పో" అన్నాడు.

ఇప్పుడు దీపం దగ్గర కూర్చుని నా బూట్ల అడుగున దిగిన ఇనుప తురుము గోటితో తీస్తున్నాడు. తీసింది పారేయడం లేదు. గింజలు ఏరినట్టు అరచేతిలో పోగు చేసుకుంటున్నాడు.